నంబరు మారింది, చానల్ ఏమైంది?

డిజిటల్ వీడియో రికార్డరు, పొట్టిగా డీవీఆర్, చేసే పని వినడానికి చాలా తేలిక. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫలానా చానల్లో వచ్చే ఫలానా సీరియల్ దాచిపెట్టమని ఒక్కసారి చెబితే చాలు. మనం ఆఫీసులో ఉన్నా, ఊళ్ళో లేకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. 1999లో అమెరికాలో టీవో పెట్టె వచ్చినప్పుడూ, 2008లో మన దేశంలో టాటా స్కై ప్లస్ వచ్చినప్పుడూ కొనేవాళ్ళకి చెప్పింది ఇదే.

కానీ ఆ వాక్యంలో "ఫలానా చానల్" అనే మాట ఒకటుంది. అంతా సవ్యంగా ఉన్నంత కాలం దాన్ని గురించి ఎవరూ ఆలోచించరు. చానళ్ళ వరుస మారిన రోజున మాత్రం మొత్తం వ్యవహారం ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. నంబరు మారొచ్చు, పేరు మారొచ్చు, ఫ్రీక్వెన్సీ మారొచ్చు, యజమాని మారొచ్చు. ఒక్కోసారి చానలే మాయమైపోవచ్చు. అప్పుడు పెట్టెకి తెలియాల్సింది ఒకటే: నిన్నటి ఫలానా చానల్, ఇవాళ్టి ఫలానా చానల్ ఒకటేనా, కాదా?

డేటాబేసులతో రోజూ కుస్తీ పట్టేవాళ్ళకి ఇది పాత కథే. ప్రైమరీ కీ సరిగా ఎంచుకోకపోతే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. అయితే ఈ పొరపాటు ఖరీదు ఎప్పుడూ ఒక సీరియల్ ఎపిసోడుతో పోదు. ఎక్కడి దాకా వెళుతుందో చూడాలంటే ఒకసారి యాంగోన్ వెళ్ళిరావాలి.

రంగం కథ

యాంగోన్ అంటే మన పెద్దవాళ్ళ రంగూన్. ఉత్తరాంధ్రలో అయితే "రంగం". ఈ ఊరి టీవీకి సంబంధించి ఒక తమాషా ఉంది. మయన్మార్లో నేలమీది డిజిటల్ ప్రసారాలకి ఎంచుకున్న ప్రమాణం డీవీబీ-టీ2. ఇక్కడ డీవీబీ అంటే డిజిటల్ వీడియో బ్రాడ్‌కాస్టింగ్. ఆ దేశంలోనే డీవీబీ అనే పేరున్న వార్తా సంస్థ కూడా ఉంది. ఇది డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా. 1992లో నార్వే నుంచి ప్రవాసుల రేడియోగా మొదలై, 2005లో ఉపగ్రహం ద్వారా టీవీ కూడా ప్రారంభించింది. 2017లో ప్రభుత్వం అయిదు ప్రైవేటు సంస్థలకి డిజిటల్ చానళ్ళు నడుపుకునే అవకాశం ఇచ్చినప్పుడు అందులో ఇదీ ఒకటి. అలా 2018లో, ఇన్నాళ్ళూ దొంగచాటుగా చూసిన డీవీబీని అక్కడివాళ్ళు డీవీబీలోనే దర్జాగా చూడగలిగారు! రెండు డీవీబీలకీ మూడక్షరాల పేరు తప్ప ఇంకే సంబంధమూ లేదు. పేరుని నమ్ముకుని సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఆ దర్జా మూడేళ్ళే. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ ఉదయం ప్రభుత్వ చానల్ ఎమ్మార్టీవీ ఆగిపోయింది. అత్యవసర పరిస్థితి ప్రకటన సైన్యానికి చెందిన మ్యావడి టీవీలో వచ్చింది. మార్చి 8న అయిదు వార్తా సంస్థల లైసెన్సులు రద్దు చేశారు. డీవీబీ, మిజ్జిమా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. డీవీబీ మళ్ళీ ఉపగ్రహం మీదికి వెళ్ళింది. మే 4న ఉపగ్రహ డిష్ వాడకం మీదే నిషేధం ప్రకటించారు. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా అయిదు లక్షల చాట్‌ల జరిమానా.

ఇప్పుడు యాంగోన్లో ఒక ఇంట్లో రికార్డరు ఉందనుకుందాం. రోజూ సాయంత్రం డీవీబీ వార్తలు దాచిపెట్టమని ఎవరో దానికి చెప్పి ఉంచారనుకుందాం. ఫిబ్రవరి 1 తర్వాత ఆ పెట్టె ఏం చేయాలి?

నాలుగు దారులున్నాయి. ఒకటి, రోజూ అరగంట నల్లటి తెరని రికార్డు చేసి "డీవీబీ వార్తలు" అని పేరు పెట్టడం. రెండు, ఆ నంబరులోకి ఇంకో చానల్ వస్తే దాన్ని రికార్డు చేసి అదే పేరు పెట్టడం. మూడు, చానల్ లేదు కాబట్టి ఆ ఆదేశాన్ని చడీచప్పుడు లేకుండా తీసేయడం. నాలుగు, ఆదేశాన్ని అలాగే ఉంచి "ఫిబ్రవరి 1 నుంచి ఈ చానల్ రావడం లేదు" అని తేదీతో సహా చెప్పి, అదే చానల్ ఇంకెక్కడైనా కనబడితే "ఇదేనా మీరడిగింది?" అని యజమానిని అడగడం.

నాలుగోదే సరైనదని ఎవరైనా ఒప్పుకుంటారు. అయినా మొదటి మూడూ చేసే పెట్టెలే ఎక్కువగా కనబడతాయి. తయారుచేసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కావడం వల్ల కాదు, "అదే చానల్" అంటే ఏమిటో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల.

చానల్‌కి నాలుగు గుర్తులు

ఏ చానల్‌కయినా నాలుగు రకాల గుర్తులుంటాయి: నంబరు, పేరు, చిరునామా, వంశం. ఒక్కొక్కటే చూద్దాం.

నంబరు మన వేలికి తెలిసిన గుర్తు. రిమోటు మీద నొక్కేది అదే. కానీ మన దేశంలో ఈ నంబరు వెనక పెద్ద వ్యాపారం ఉంది. ఏ చానల్ పక్కన ఏ చానల్ ఉండాలి, పెట్టె ఆన్ చేయగానే ముందు ఏది కనబడాలి అన్నదానికి డబ్బులు చేతులు మారతాయి. రేటింగుల కోసం ఒకే చానల్‌ని రెండు నంబర్లలో చూపించిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ట్రాయ్ 2017 నిబంధనల్లో ఒక చానల్‌కి ఒకసారి ఇచ్చిన నంబరుని కనీసం ఏడాది పాటు మార్చకూడదని రాయాల్సి వచ్చింది. ఏడాది తర్వాత? మార్చుకోవచ్చు. అంటే, అద్దెకిచ్చే వస్తువుని మనం ప్రైమరీ కీగా వాడుతున్నామన్నమాట.

అమెరికాలో ఇది తలకిందులు. అక్కడ యాంటెన్నాతో చూసే స్టేషన్లకి తెర మీద కనబడే నంబరు వేరు, నిజంగా ప్రసారమయ్యే ఫ్రీక్వెన్సీ వేరు. స్పెక్ట్రమ్ వేలం తర్వాత 2017 నుంచి 2020 దాకా 987 స్టేషన్లకి కొత్త ఫ్రీక్వెన్సీలు కేటాయించారు. చూసేవాళ్ళకి కనబడే నంబర్లు మాత్రం అవే. ఏమీ మారనట్టే ఉంటుంది, కానీ మళ్ళీ స్కాన్ చేయని పెట్టె పాత ఫ్రీక్వెన్సీ దగ్గర కూర్చుని ఖాళీ గాలిని రికార్డు చేస్తూ ఉంటుంది.

ఇక పేరు. దీనికి దూరదర్శన్‌ని మించిన ఉదాహరణ లేదు. రాష్ట్రం రెండయ్యాక 2014లో హైదరాబాదు నుంచి వస్తున్న సప్తగిరి చానల్ యాదగిరి అయింది. విజయవాడ నుంచి కొత్తగా మొదలైన చానల్‌కి సప్తగిరి పేరు వెళ్ళింది. పాత సప్తగిరిని రికార్డు చేయమని చెప్పి ఉంచిన పెట్టె ఇప్పుడెటు వెళ్ళాలి? పేరుని నమ్ముకుంటే విజయవాడ వెళుతుంది. చిరునామాని నమ్ముకుంటే హైదరాబాదులోనే ఉండిపోతుంది. ఏది సరి? చూసేవాళ్ళది వరంగల్లా, గుంటూరా అన్నదాన్ని బట్టి ఉంటుంది! ఆ సంగతి సాఫ్ట్‌వేరుకి ఎవరూ చెప్పలేదు. దానితో పోలిస్తే మా టీవీది తేలిక. 2015లో స్టార్ కొన్నాక కొంతకాలానికి స్టార్ మా అయింది, అంతే.

మూడోది చిరునామా. డీవీబీ ప్రమాణంలో (అంటే వార్తా సంస్థ కాదు, మొదటి డీవీబీ) ప్రతి చానల్‌కీ మూడంకెల జట్టు ఒకటుంటుంది: అది ఏ నెట్‌వర్కులో పుట్టింది, ఏ ప్రవాహంలో ప్రయాణిస్తోంది, ఆ ప్రవాహంలో ఎన్నో సర్వీసు. వీడీఆర్ అనే లినక్స్ రికార్డరులో టైమరు రాసేటప్పుడు చానల్ నంబరైనా ఇవ్వొచ్చు, ఈ అంకెలతో కూడిన గుర్తయినా ఇవ్వొచ్చు. నంబరిచ్చి, ఆ తర్వాత జాబితాలో వరుస మారిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చిరునామా నయమే. కానీ చానల్ ఒక ప్రవాహంలోంచి ఇంకోదానిలోకి మారితే చిరునామా మారుతుంది, చానల్ మారదు.

దీనికి రంగూన్‌లోనే ఒక పాత పోలిక ఉంది. తీరాంధ్ర నుంచి ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో కొరింగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరది. శ్రీకాకుళం వాడయినా, గోదావరి వాడయినా అక్కడ కొరింగీయే. ఎక్కిన రేవుని బట్టి మనిషికి పేరు పెట్టారన్నమాట. ప్రయాణించిన ప్రవాహాన్ని బట్టి చానల్‌ని గుర్తుపట్టడం కూడా అలాంటిదే. లెక్క రాసుకోవడానికి పనికొస్తుంది, ఎవరో తెలుసుకోవడానికి చాలదు.

నాలుగోది వంశం. అంటే ఈ చానల్ ఆ చానల్‌కి వారసుడని ఎవరో మనిషి కూర్చుని రాసిపెట్టిన లెక్క. అమెరికాలో ట్రిబ్యూన్ మీడియా సర్వీసెస్ లాంటి గైడు సంస్థలు ప్రతి స్టేషనుకీ తమ సొంత గుర్తింపు సంఖ్య ఇచ్చేవి. నంబరు మారినా, కేబుల్ కంపెనీ మారినా ఆ సంఖ్య మారదు. ఇది అన్నిటికన్నా గట్టి గుర్తు, కానీ ఇంకొకరి చేతిలో ఉంటుంది. సొంతంగా రికార్డర్లు కట్టుకున్న మిత్రులకి 2007 గుర్తుండే ఉంటుంది. ట్రిబ్యూన్ వారి జాప్‌టూఇట్ ఉచితంగా ఇస్తున్న గైడు సమాచారం ఆ సెప్టెంబరులో ఆగిపోయింది. మిత్ టీవీ లాంటివి వాడేవాళ్ళ కోసం షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని, చందా కట్టి ఆ సమాచారం తెచ్చుకోవాల్సి వచ్చింది.

కాబట్టి నాలుగింట్లో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. పేరు, నంబరు, చిరునామా, వంశం నాలుగూ చానల్ లక్షణాలే, ఏదీ చానల్ కాదు. పెట్టె తన లోపల ఎవరికీ కనబడని ఒక సొంత కీ పెట్టుకుని, ఈ నాలుగింటినీ "ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా" అన్న తేదీలతో దానికి తగిలించుకోవాలి. డేటా వేర్‌హౌసులో చేసినవాళ్ళకి ఇది రెండో రకం మారే డైమెన్షన్. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఇంతకీ మనం అడిగిందేమిటి?

చానల్‌ని సరిగ్గా గుర్తుపట్టినా సగం పనే అయింది. చూసేవాళ్ళకి కావలసింది చానలా, కార్యక్రమమా? టీవోలో రెండు పద్ధతులుండేవి. సీజన్ పాస్ ఒక చానల్లో ఒక కార్యక్రమాన్ని పట్టుకుంటుంది. విష్ లిస్టు పేరుని బట్టి ఏ చానల్లో వచ్చినా పట్టుకుంటుంది. బ్రిటన్‌లో ఫ్రీవ్యూ రికార్డర్లు ఇంకో మెట్టు పైకెక్కి, ప్రసార సంస్థ పంపే క్రిడ్ అనే గుర్తుతో ఒక సీరియల్ భాగాలన్నిటినీ కలిపి పట్టుకుంటాయి.

సీరియల్‌కి ఇది చక్కగా సరిపోతుంది. అమ్మకి కావలసింది కథ. అది ఏ నంబరులో వస్తే ఆవిడకేం? కానీ వార్తల సంగతి అలా కాదు. వార్తలకి పేరు "వార్తలు" అనే ఉంటుంది. ప్రతి చానల్లోనూ ఉంటుంది. డీవీబీ వార్తలు అడిగిన మనిషికి, డీవీబీ లేదు కదా అని మ్యావడి టీవీ వార్తలు దాచిపెట్టే పెట్టెని తెలివైనదని ఎవరైనా అంటారా? 2021లో యాంగోన్లో ఆ రెండిటికీ మధ్య ఉన్న తేడా ప్రాణాలకి సంబంధించిన తేడా. అందుకే "ఏ చానల్ అయినా సరే" అన్నది పెట్టె తనంతట తాను తీసుకోవలసిన నిర్ణయం కాదు. ఆదేశం రాసుకునేటప్పుడే అడిగి ఉంచుకోవాలి.

మరి చానల్ ఇల్లు మారేటప్పుడు కొత్త చిరునామా చెప్పి వెళ్ళే పద్ధతి లేదా అంటే, ఉంది. డీవీబీ ప్రమాణంలో సర్వీస్ మూవ్ డిస్క్రిప్టర్ అని ఒకటుంది. చానల్ ఒక ప్రవాహంలోంచి ఇంకోదానికి మారేటప్పుడు "ఇకనుంచి నేను ఫలానా చోట ఉంటాను" అని పెట్టెలకి చెబుతుంది. పోస్టాఫీసులో చిరునామా మార్పు కాయితం రాసిచ్చినట్టే. బాగానే ఉంది. కాకపోతే అది ఇష్టపూర్వకంగా ఇల్లు మారేవాళ్ళ కోసం. రాత్రికి రాత్రి గెంటివేసిన వాళ్ళు పోస్టాఫీసుకి వెళ్ళి కాయితం రాసివ్వరు. కాబట్టి ఏ సమాచారమూ లేకుండా చానల్ మాయమయ్యే సందర్భాన్ని పెట్టె తనంతట తానే ఎదుర్కోవాలి.

ఇది సైనిక పాలనలోనే జరుగుతుందనుకోవద్దు. 2014 జూన్లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. నెలల తరబడి ఆ చానళ్ళు అక్కడి ఇళ్ళలో రాలేదు. కారణాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. పెట్టె దృష్టిలో మాత్రం అదొక ఖాళీ. ఆ ఖాళీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పగలిగిన పెట్టె కూడా ఒక సాక్షే.

దాచుకున్నది ఎవరిది?

"ఇంకా రికార్డర్లు ఎక్కడివండీ, అంతా క్లౌడే కదా" అని మీరనొచ్చు. నిజమే. టీవో కూడా 2025లో పెట్టెలు అమ్మడం ఆపేసింది. కానీ క్లౌడులో ఈ సమస్య తగ్గకపోగా పెరిగింది. 2021 డిసెంబరులో యూట్యూబ్ టీవీకీ డిస్నీకీ ఒప్పందం కుదరకపోవడంతో ఈఎస్‌పీఎన్, ఏబీసీ లాంటి చానళ్ళు పోయాయి. వాటితోపాటు జనం అంతకుముందే దాచుకున్న రికార్డింగులు కూడా అందకుండా పోయాయి. అప్పుడు రెండు రోజుల్లో తిరిగొచ్చాయి. 2025 అక్టోబరు చివర మళ్ళీ అదే గొడవ. ఈసారి నవంబరు 14న రాజీ కుదిరేదాకా రెండు వారాలు పట్టింది.

వరుసలోంచి చానల్ పోవడం వ్యాపార సంగతి. నిన్న దాచుకున్నది ఇవాళ మాయం కావడం వేరే సంగతి. పాత పేపరు మానేసినంత మాత్రాన పేపరు కుర్రాడు వచ్చి అటక మీది పాత కట్టలు పట్టుకుపోడు కదా! ఫిబ్రవరి 1కి ముందు డీవీబీలో ఏమొచ్చిందో దాచుకున్న మనిషికి, ఆ చానల్ పోయాక ఆ రికార్డింగు విలువ పదింతలు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే దాన్ని లాక్కునే డిజైను ఏ పేరుతో చేసినా తప్పే.

పేరు విషయంలోనూ అంతే. రికార్డింగు మీద ఆ రోజున్న పేరే ఉండాలి. 2013లో సప్తగిరిలో రికార్డు చేసినదాన్ని ఇవాళ యాదగిరి అని చూపిస్తే అబద్ధం. ఇవాళ్టి సప్తగిరిలో కలిపేస్తే ఇంకా పెద్ద అబద్ధం. ఈ పాఠం ప్రమాణాలు రాసేవాళ్ళకి బర్మాయే నేర్పింది. 1989లో దేశం పేరు మారాక ఐఎస్‌ఓ జాబితాలో దేశం కోడు బీయూ నుంచి ఎమ్మెమ్ అయింది. పాత కోడుని తుడిచేయలేదు. రెండూ కలిపి బీయూఎమ్మెమ్ అనే నాలుగక్షరాల గుర్తుతో, వాడుకలోంచి పోయిన దేశాల పేర్ల జాబితాలో ఉంచారు. బర్మీస్ భాషకి ఇప్పటికీ బీయూఆర్, ఎమ్‌వైఏ అని రెండు మూడక్షరాల కోడులున్నాయి. రెండూ ఒకటేనని ప్రమాణమే చెబుతుంది. పేరు మారితే చరిత్రని ఎలా దాచాలో ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పాలి?

మరీ ఇన్ని ప్రశ్నలా?

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ప్రతి మార్పుకీ పెట్టె మనని ప్రశ్నలడుగుతూ కూర్చుంటే విసుగొస్తుంది. 2019 ఫిబ్రవరి 1న మన దేశంలో కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చి, ఎవరి చానళ్ళు వాళ్ళే ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఇంటింటా వరుస మారింది. అప్పుడు ఒక్కో చానల్‌కి ఒక్కో ప్రశ్న అడిగితే పెద్దవాళ్ళు రిమోటు విసిరికొట్టేవారు.

అందుకే అన్నిటికీ అడగక్కర్లేదు. నంబరు ఒక్కటే మారితే అడగకుండా కొత్త నంబరుకి వెళ్ళి, వెళ్ళానని ఒక ముక్క చెబితే చాలు. చిరునామా మారి పేరూ వంశం అలాగే ఉంటే కూడా అంతే. పేరు ఒక దారి, చిరునామా ఇంకో దారి పట్టినప్పుడు మాత్రం ఆగి అడగాలి. సప్తగిరి లాంటివి ఏడాదికి ఎన్ని వస్తాయి? నాలుగు గుర్తులూ ఒకేసారి మాయమైతే ఆదేశాన్ని అలాగే ఉంచి తేదీ రాసుకోవాలి. ఇంకో చానల్‌ని ఆ స్థానంలో కూర్చోబెట్టకూడదు. పాత రికార్డింగుల జోలికి అసలు పోకూడదు.

ఇందులో కష్టమైన కోడు ఏమీ లేదు. రెండు తేదీల కాలములు, ఒక సందేశం, ఊరుకోవలసిన చోట ఊరుకునే ఓపిక. మనలో చాలామంది ఏదో ఒక రూపంలో ఇలాంటి పట్టికలే రాస్తుంటాం. చానల్ కాకపోతే కస్టమరు, కస్టమరు కాకపోతే ఊరు. ఈసారి "ఫలానా" అనే కాలము రాసేటప్పుడు, ఆ ఫలానా పేరు మారితే ఏమవుతుంది, అది లేకుండా పోతే ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలు డిజైను సమావేశంలోనే అడగండి. రెండో ప్రశ్నకి "తీసేస్తాం" అని జవాబొస్తే, ఎవరిని అడిగి తీసేస్తారో కూడా అడగండి.